కన్నీటి సుడి

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, వేసవి బదిలీల్లో నన్ను పాకాల పశువైద్యశాలకు వేశారు. హోదా అసిస్టెంట్ డైరెక్టర్. వినడానికి పెద్ద హోదాయే గానీ చేతిలో ఉండేది మాత్రం పాత సూదే. అక్కడి పనంతా ఆవులు, గొర్రెలతోనే. ఊరు మొత్తానికి గుర్రాలు రెండంటే రెండు, రెండూ మునెప్పవే.

మునెప్ప నాయన ఒకప్పుడు స్టేషన్ ముందు జట్కా తోలేవాడట. జట్కాలు పోయాక మునెప్ప పెళ్లి ఊరేగింపులకు తెల్ల గుర్రాలు తిప్పుతూ బతికేవాడు. ఒకటి రాణి, ఒకటి లక్ష్మి. రెండూ ఆడవే, దాదాపు ఒకే ఈడు, ఒకే ఎత్తు. మచ్చ అనేది లేని తెలుపు. రాణి అతని ఇంట్లోనే పుట్టింది. తల్లి చస్తే సీసాతో పాలు పట్టి పెంచాడు. లక్ష్మిని తర్వాత సంతలో కొన్నాడు.

నేను చేరిన నెలలోనే గ్లాండర్స్ నిఘా పరీక్షలకు ఉత్తర్వు వచ్చింది. గ్లాండర్స్ గుర్రాలకు వచ్చే పాడు జబ్బు. ముక్కులో పుండ్లు, ఒంటి మీద గడ్డలు. మందు లేదు, మనిషికీ అంటుకుంటుంది. అందుకే రక్తంలో తేలితే గుర్రాన్ని చంపి పూడ్చాలని చట్టం. రక్తంతో పాటు గుర్తింపు పత్రం పంపాలి. దాని మీద గుర్రం బొమ్మ గీతలతో అచ్చు వేసి ఉంటుంది. మచ్చలున్న చోట రంగు పూయాలి, వెంట్రుకలు సుడి తిరిగిన చోట ఇంటూ గుర్తు పెట్టాలి. మచ్చలేని తెల్ల గుర్రానికి సుడులే వేలిముద్రలు.

నేను వెళ్లేసరికి మునెప్ప గుర్రాలకు జూలు దువ్వుతున్నాడు.

"సాయంత్రం చంద్రగిరిలో పెండ్లి ఉండాది సార్, రొంత బిన్నా కానీయండి," అని తొందరపెట్టాడు.

ఎండ మండిపోతోంది. రక్తం తీశాను. అతను చెప్పిన పేర్లే సీసాల మీద రాశాను. ముఖాలు కంటితో చూశాను, తడిమి చూడలేదు. రెండింటికీ నుదుటి మధ్య ఒక్కో సుడి కనిపించింది. రెండు పత్రాల్లోనూ అదొక్కటే గుర్తు పెట్టి సంతకం చేశాను. పది నిమిషాల పని.

ఆషాఢంలో ఫలితం వచ్చింది. రాణికి ఉంది, లక్ష్మికి లేదు. మర్నాడే కలెక్టరు ఉత్తర్వు చేతికందింది. ఒక్క రోజులో పని ముగించాలి.

ఒంటికి గౌను, ముఖానికి మాస్కు తగిలించుకుని వెళ్లాను. ఊరి బయట మునెప్ప పొలంలో ఆరడుగుల పైన లోతు గొయ్యి తవ్వించాం, పక్కన సున్నం బస్తాలు. రెండు గుర్రాలూ ఒకే రకం తాళ్లతో కట్టి ఉన్నాయి. పత్రాలు తీసి చూస్తే రెండూ ఒకటే. వాటిని బట్టి ఏది రాణో చెప్పలేను.

రాణి ఏదని మునెప్పను అడిగాను. అతను రెండింటినీ మార్చి మార్చి చూశాడు. చివరికి ఎడమవైపు దాన్ని చూపించాడు. దగ్గరికెళ్తే దాని కంటి కింద ఒక సుడి ఉంది. నా పత్రంలో ఏ గుర్రానికీ కంటి కింద సుడి లేదు. ఇదేమిటని నిలదీశాను.

"అది కన్నీటి సుడి సార్. పెండ్లోళ్లు సూస్తే అపశకునమని ఎనక్కి పంపుతారు. అందుకే ఎప్పటికప్పుడు కత్తెరేస్తా ఉంటా," అన్నాడు తల దించుకుని.

పెళ్లిళ్లు లేని నెల కదా, కత్తెర పడక వెంట్రుక పెరిగింది. రక్తం తీసిన రోజు వేలితో తడిమి ఉంటే, కత్తిరించినా వెంట్రుక మొదళ్లు తిరిగిన తీరు తెలిసేది. పని అక్కడే ఆపి, రెండింటి రక్తం మళ్లీ తీసి పంపాల్సింది. కానీ అలా చేయాలంటే నా పత్రం తప్పని నేనే రాసివ్వాలి. ఇన్నేళ్ల సర్వీసు తర్వాత ఆ రాత నామోషీ అనిపించింది. బుద్ధి గడ్డి తింది. "నిజంగా రాణి ఇదేనా?" అని ఇంకోసారి అడిగాను. అతను తలూపాడు. నాకు అంతే చాలనిపించింది.

మొదట మత్తు సూది ఇచ్చాను. అది మోకాళ్ల మీద కూలాక మెడ సిరలో అసలు మందు ఎక్కించాను. మునెప్ప దాని దగ్గరకు రాలేదు. రెండో గుర్రం మెడ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

తోడుగా ఉన్న గుర్రానికి మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేయాలి. రక్తం తీయడానికి వెళ్లేటప్పటికే దాని ముక్కు నుంచి చీము కారుతోంది. ఫలితం రాకముందే నాకు విషయం అర్థమైంది. మునెప్పను పక్కకు పిలిచాను. నేను అడగక ముందే ఏడ్చేశాడు.

"చెడ్డ సుడి ఉండేది లక్ష్మికి గదా సార్! రోగమొస్తే దానికే వచ్చుంటాది, ఆడ ల్యాబులో సీసాలు తారుమారు చేసుంటారు అనుకున్యా. నా రాణికి యాడ వస్తాది అనుకున్యా. ఇంత పని చేస్తినే!"

జబ్బు లేని లక్ష్మిని నా చేత్తో చంపాను. జబ్బున్న రాణి పక్కన మూడు వారాలు ఆ మనిషిని పడుకోనిచ్చాను. అదృష్టం బాగుండి అతని రక్తంలో జబ్బు తేలలేదు. ఫలితం వచ్చిన రోజున రాణిని కూడా అదే పొలంలో పూడ్చాం. ఈసారి మునెప్ప దాని తల ఒళ్లో పెట్టుకుంటానన్నాడు. నిబంధన ఒప్పుకోదని నేనే దూరంగా నిలబెట్టాను.

పై అధికారికి తప్పు నాదేనని ఆ రోజు రాసిచ్చాను. సంజాయిషీ అడిగారు, మందలించారు, అంతటితో ఫైలు మూశారు. మునెప్ప మళ్లీ గుర్రాన్ని కొనలేదు. నేను రిటైరయ్యే నాటికి తిరుపతిలో ఒక కల్యాణమండపం గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఊరేగింపు గుర్రం వస్తే గేటు తీసి, దాని వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోతాడని అక్కడివాళ్లు చెప్పారు.

గుర్తింపు పత్రం యజమాని మాటతో పనిలేకుండా ఉండాలి, అది పెట్టిందే అందుకు. నేను పది నిమిషాల్లో ముగించిన పనిని, పెంచిన చేతులతోనే రాణిని చూపించి పూర్తి చేయమని మునెప్పను అడిగాను. రాణి ఏదన్న ప్రశ్న అతణ్ణి అడిగే హక్కు నాకు లేదు.