అటక మీది కాఫీ డబ్బా

మందస చుట్టుపక్కల తుఫానుకి ముందుజాగ్రత్త అంటే బియ్యం, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు. గౌరమ్మ ఇంట్లో మాత్రం వాటికంటే ముందు కాఫీ అటకెక్కాలి. ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు. గౌరమ్మకి కాఫీ అలవాటే లేదని తెలిసినవాళ్లు ఇంకాస్త ఎక్కువ నవ్వేవాళ్లు.

కాఫీ తాగే మనిషి ఆమె పెనిమిటి ఢిల్లీరావు. పెళ్లికి ముందు టెక్కలిలో ఒక హోటల్లో కొన్నాళ్లు పనిచేశాడట. అలవాటు అక్కడ పట్టుకుంది. పొద్దున్నే జీడితోటకి బయల్దేరేముందు అరుగు మీద కూర్చుని ఖాళీ గ్లాసుని గోటితో టంగుమనిపించేవాడు. నోరు తెరిచి అడగడం అతనికి చేతకాదు.

తొంభై తొమ్మిది అక్టోబరు తుఫానుకి కొబ్బరిచెట్టు విరిగి వాళ్ల ఇంటి మీద పడింది. దూలం అతని గుండెల మీద పడింది. పలాస పోయే దారి పొడుగునా కూలిన చెట్లే. మంచం మీద మోసుకెళ్దామని బయల్దేరినవాళ్లు తోట కూడా దాటలేక వెనక్కి తెచ్చేశారు. అతను తిండి అడగలేదు. మొదటిసారి నోరు తెరిచి కాఫీ అడిగాడు. పొడి పొట్లం ఎప్పుడో వాననీటికి కరిగి గోడమట్టిలో కలిసిపోయింది. గౌరమ్మ తడిబియ్యం గుప్పెడు మూకుట్లో నల్లగా మాడ్చి, నూరి, బెల్లమ్ముక్క వేసి కాచి ఇచ్చింది. అతను రెండు గుక్కలు తాగి గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

"వేన్నీళ్లు బాగున్నాయి. ఇప్పుడు కాఫీ ఎట్టే."

మర్నాటికి మనిషి లేడు.

ఈ మాట ఆమె పక్కింట్లో ఉండే నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా గ్లాసు అందుకుంటున్నట్టు కుడిచెయ్యి కొంచెం ముందుకి చాచేది. మళ్లీ గాలివానంటూ వస్తే అతను మళ్లీ అడుగుతాడు. అప్పుడు తన చేతిలో కాఫీ ఉండాలి. మాడిన బియ్యం కాదు, కాఫీ. ఆమెకి మరో కోరిక ఉన్నట్టు నేను చూడలేదు.

కానీ కాఫీ నిలవుండే సరుకు కాదు. బియ్యం డ్రమ్ములో దాస్తే పురుగుమందు వాసన పట్టింది. ఊరగాయ జాడీలో దాస్తే గడ్డకట్టింది. ప్లాస్టిక్ సంచిలో ఉన్నది చూడ్డానికి బాగానే ఉంది, వాసన మాత్రం చచ్చిపోయింది. అప్పటికి ఆమె పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి వెళ్తోంది. పప్పుని నిప్పుల గదిలో ఆరబెట్టి, పొట్టు వలిచి, తేమ తగలకముందే రేకు డబ్బాల్లో పోసి మూత అతికేస్తారు. అలా అతికిన పప్పు ఓడలెక్కి పోయినా కరకర తగ్గదు. గౌరమ్మకి దారి దొరికినట్టయింది.

ఒకరోజు కాఫీ గింజలు కొని, ఫ్యాక్టరీ వెనకే పొయ్యి వెలిగించి ఘుమఘుమలాడేలా వేయించి, వేడి ఆరకముందే డబ్బాలో పోసింది. మూతలు అతికే పోతురాజు దగ్గరికి పట్టుకెళ్లింది.

"ఎక్కడికప్పా ఇది, దుబాయా?" అన్నాడతను, అక్క వరస కలిపి.

"అంతకన్న దూరం. నువ్వు మూత సరిగ్గా అతుకు."

డబ్బా అటకెక్కిన కొద్దిరోజులకి, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఇంట్లో టంగుమని మోగింది. గౌరమ్మ, పదో తరగతి చదివే కూతురు కళ్యాణి, ఇద్దరూ అన్నం ముందున్నారు. ఎలకేమో అంది కళ్యాణి. ఎలక అలా మోగించదని తల్లికి తెలుసు. సాయంత్రం సిమెంటు రేకులు చల్లబడే వేళకి మళ్లీ మోగింది. ఆ తర్వాత ఎండ ఎక్కినప్పుడు ఒకసారి, దిగినప్పుడు ఒకసారి. కళ్యాణి బడి నుంచి వచ్చి ఇంట్లోకి పోకుండా మా అరుగు మీద కూర్చునేది. గౌరమ్మ మాత్రం చేస్తున్న పని ఆపి అటకవైపు చూసి మెల్లగా అనేది:

"ఆగు మావా. గాలి రానీ."

ఇప్పేస్తే కాఫీ పాడవుతుంది. తీరా తుఫానొస్తే చేతులు మళ్లీ ఖాళీ. ఇప్పకపోతే అతను అడుగుతూనే ఉన్నాడు. ఆమె బక్కచిక్కింది. ఫ్యాక్టరీలో పప్పు వలుస్తూ వలుస్తూ చెవి ఎటో పారేసుకునేది.

ఆ ఏడు రేడియోలో వాయుగుండం సంగతి చెప్పిన రోజు, ఎండా ఉక్కా కలిసి ఇల్లు కుంపటిలా ఉంది. డబ్బా ఆగకుండా మోగింది. కళ్యాణి గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"నాన్న అడుగుతా ఉంటే ఇవ్వకుండా దాత్తావేటమ్మా? దాసింది ఆయన కోసరమే గదా."

గౌరమ్మ లేచింది. నిచ్చెన వేసి డబ్బా దించింది. నాలుగు పక్కలా ఉబ్బి ఉంది. కబురందుకుని వచ్చిన పోతురాజు, ఉబ్బిన డబ్బాలో సరుకు కుళ్లినట్టే లెక్క, తోటలో పాతిపెట్టెయ్యమన్నాడు. ఆమె వినలేదు. కత్తిమొన మూత మీద ఆనించి గట్టిగా నొక్కింది.

డబ్బా ఊపిరి వదిలింది. సన్నగా, పొడుగ్గా, ఎన్నాళ్లో బిగబట్టుకున్న మనిషి వదిలినట్టు. ఇల్లంతా కాఫీ వాసన. పోతురాజు గడప దాటి బయటికి జరిగాడు. గౌరమ్మ ఆ ఊపిరికి మొహం అడ్డం పెట్టి, అది ఆగేదాకా కదల్లేదు.

తర్వాత గింజలు దంచి, కాచి, గ్లాసు అరుగు మీద పెట్టింది. కాఫీ చల్లారి మీగడ కట్టింది. గాలి ఒడిశా వైపు మళ్లింది. ఊరికి వాన మాత్రం దక్కింది. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఏ చప్పుడూ లేదు. తాగి వెళ్లాడో, అలిగి వెళ్లాడో ఆమెకి తెలియలేదు.

వారం తిరక్కుండా పోతురాజు పలాసలో కాఫీ వ్యాపారిని అడిగి వచ్చాడు. వేయించిన గింజ కొన్నాళ్లు గాలి వదులుతూనే ఉంటుందట. వేడిమీద మూత అతికితే ఆ గాలి పోయే దారిలేక రేకుని తోస్తుందట. నిలవకి పచ్చి గింజలే మంచివట, కావలసినప్పుడు వేయించుకోవచ్చట. దెయ్యం కాదప్పా, గాలే, అని నవ్వాడు. గౌరమ్మ తలూపింది. నవ్వలేదు.

మరుసటి ఏడు ఆమె పచ్చి గింజలే అతికించింది. పచ్చి గింజలు నోరు మెదపవు. ఎండ ఎక్కింది, దిగింది, ఇల్లు ఇల్లులా ఉంది. నాలుగు రోజులు చూసి, మళ్లీ గింజలు కొని, వేయించి, వేడిమీదే ఇంకో చిన్న డబ్బా అతికించుకొచ్చింది. కళ్యాణి నిలదీసింది. పోతురాజు చెప్పింది అప్పుడే మరిచిపోయావా అంది.

"పచ్చివి తుఫానుకి," అంది గౌరమ్మ. "ఏపినవి నాకు."

కళ్యాణి ఎండ నడినెత్తికి వచ్చేసరికి లేచి, రేడియో గొంతు తగ్గించి, అమ్మ పక్కన వచ్చి కూర్చుంది.