మమ్మల్ని ఖాళీ చేయించడానికొచ్చిన టెలిఫోనమ్మ

టెలిఫోనమ్మ పోయింది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తన గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఈ పొద్దు ఏం సారు చేస్తాండావే?" అని అక్కడినుంచే కేకేసింది. అనపగింజల పితికిపప్పు సారు అని వంటింట్లోంచి చెప్పాను. మామూలుగా అయితే ఆ మాటకు ఇల్లంతా వినపడేలా సంబరపడేది. ఆ రోజు జవాబు రాలేదు. చేతిలో గరిటెతోనే పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది.

ఏడ్చాను, ఎందుకు ఏడవను. కానీ ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే, చెప్పొద్దూ, ఏడుపుకంటే ముందు నవ్వొస్తోంది. ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కం కాదు. మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించడానికొచ్చిన మనిషి. పాపం, ఆ సంగతి ఆవిడకే తెలీదు.

అప్పుడు మేము చిక్కబళ్ళాపురంలో బాడిగింట్లో ఉండేవాళ్ళం. మా ఆయన బాగేపల్లికి తిరిగే ప్రైవేటు బస్సుకు డ్రైవరు. నేను ఒక చిన్న బడిలో టీచరును. దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం వస్తుందన్న మాట పుట్టిందో లేదో, మా ఊరికి పూనకం పట్టినట్టయింది. బెంగళూరులో రిటైరైన వాళ్ళంతా చల్లగాలి, నందికొండ, ప్రశాంతత అంటూ మా ఊరి దారి పట్టారు. తప్పేముంది, మంచి ఊరే. వాళ్ళ పింఛన్లకు మా ఊరు చవక. మా ఊరి జీతాలు తీసుకునే మాకు మాత్రం మా ఊరే అందకుండా పోయింది.

ఒకరోజు ఇంటి ఓనరు వచ్చి, కూతురు కాపురానికి కావాలి, రెండు నెలల్లో ఖాళీ చేయండి అన్నాడు. వారం తిరక్కుండానే ఆ కూతురు రానే వచ్చింది. తెల్లజుట్టు, భుజాన గుడ్డసంచి, చీర కింద కాన్వాసు బూట్లు!

ఆవిడ బెంగళూరులో టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఏళ్ళ తరబడి ఢిల్లీకీ కలకత్తాకూ లైన్లు కలిపిన గొంతు కదా, పక్కనున్న మనిషితో కూడా ట్రంకాల్ మాట్లాడినట్టే మాట్లాడేది. వస్తూనే నా వంటింట్లోకి దూరి గిన్నె మీద మూత తీసి వాసన చూసింది. మిద్దె ఎక్కి నందికొండను చూసి, కొండ తనకోసమే లేచి నిలబడినంత ఆనందపడిపోయింది. కిందికి దిగొచ్చి నా చేతులు పట్టుకుని, మీ కొత్తిల్లు ఎక్కడ, ఎన్ని గదులు, పాలు ఎప్పుడు పొంగిస్తున్నారు అని వరసబెట్టి అడిగింది. మేము సొంతింటికి పోతున్నామని ఓనరు ఆవిడకు చెప్పాడట.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "యాడా లేదమ్మా. మీరొస్తాండారని మమ్మల్ని పొమ్మన్నారు" అన్నాను. ఓనరు గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ మెట్టు మీద కూలబడింది. 

కాసేపటికి "లైన్లో ఉండమ్మా" అంది నాతో. ఏదైనా ఆలోచించుకోవాలంటే అదే మాట. ఆ తర్వాత ఓనరు వైపు తిరిగి, నువ్వు అడిగిన బాడిగ ఇస్తాను కానీ నాకు ముందు గది చాలు, మిగతా ఇంట్లో వీళ్ళు ఉంటారు, వీళ్ళిచ్చేది వీళ్ళు నాకిస్తారు అంది. అదెట్లా కుదురుతుందన్నాడు ఆయన. కుదరకపోతే అడ్వాన్సు వెనక్కివ్వమంది. ఆ అడ్వాన్సు అప్పటికే ఆయన జేబు దాటిపోయినట్టుంది, మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఇంత ఇల్లు నా ఒక్కదానికెందుకు, దయ్యాలకు బాడిగకిచ్చేదానికా అని ఆవిడ నవ్వింది.

అట్లా మొదలైంది మా కాపురం. నిద్రలో "నంబర్ చెప్పండి" అని పలవరించేది. తెల్లారగానే ఊళ్ళోని పింఛనుదార్ల గుంపుతో నడకకు పోయి, సంచీ నిండా కబుర్లతో తిరిగొచ్చేది. బుద్ధి పుడితే మా ఆయన బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుని బాగేపల్లి దాకా పోయి, అక్కడ దిగకుండా అదే బస్సులో వెనక్కొచ్చేది. చింతామణి మార్కెట్టుకు పోతే నలుగురు తినలేనన్ని టమోటాలు తెచ్చి, ఎంత ఎర్రగా ఉన్నాయో చూడమని వీధిలో అందరికీ పంచేది. ఏ పనీ చిన్నపని కాదు ఆవిడకు. అన్నీ పండగలే.

మొదటి నెల పింఛను తెచ్చుకున్న రోజు మా ఇద్దరి జీతాలూ అడిగి తెలుసుకుంది. రెండూ కలిపినా ఆవిడ పింఛనుకు తక్కువ. "కూర్చోని తినే నాకు ఇంత, పొద్దుగూకులూ కష్టపడే మీకు అంత. ఇదేం న్యాయమప్పా?" అని మా ఆయన్ను నిలదీసింది, ఆ లెక్కలన్నీ ఆయనే రాసినట్టు. 

మాకూ ఒక ఆధారం ఉండేది. మా అత్తగారు పోతూ ఊరి చివర బాగేపల్లి రోడ్డు పక్కన ఒక చిన్న సైటు మాకు వదిలిపోయారు. పునాది వేసి, చేతిలో ఏమీ మిగలక ఆపేశాం. జిల్లేళ్ళు మొలిచాయి. అది చూపించమని టెలిఫోనమ్మ ఒకటే పోరు. తీసుకుపోతే ఆ పునాది రాళ్ళ మీద అటూ ఇటూ తిరుగుతూ, ఇది వంటిల్లు, ఇది పడకగది, ఇక్కడ అద్దం అని లేని గదులన్నీ నాకే చూపించింది. ఆ రోజు మొదటిసారి నాకూ ఆశ పుట్టింది. నా గాజులు పోయాయి, మా ఆయన సెలవులు పోయాయి, కిందా మీదా పడి గోడలు లేపాం.

పైకప్పు దగ్గర బండి ఆగింది. మౌల్డింగు, అదే సిమెంటు స్లాబు, వేయడం మా తాహతుకు అందదు. అప్పుడే టెలిఫోనమ్మ చింతామణి నుంచి ఊగిపోతూ వచ్చింది. అక్కడ ఒక పాత బండలమిద్దె చూసిందట. మా వైపు పాతిళ్ళకు గోడకూ గోడకూ మధ్య పొడుగాటి రాతిబండలు పరిచి, సందుల్లో గచ్చు కొట్టేవారు. ఇంతకంటే గట్టి కప్పు లేదు, ఖర్చు సగం కూడా కాదు, ఇంత మంచిది పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నారేమిటని మమ్మల్ని తిట్టింది. మా ఆయనకు నామోషీ. కొత్తగా కట్టేవాళ్ళెవరైనా బండలేస్తారా, నలుగురూ నవ్వరా అన్నాడు. నలుగురూ వచ్చి మౌల్డింగు వేయించి ఇస్తారేమో అడిగి రా పో, అంది ఆవిడ. బండలు లారీలో దిగాయి.

అవి దిగిన వారంలోనే బ్రోకరు వచ్చాడు. బెంగళూరు పార్టీ ఉంది, గోడలతో సహా తీసుకుంటారు, రేటు నువ్వే చెప్పు అన్నాడట. మా ఆయన ఆ సాయంత్రం పళ్ళెం ముందు కూర్చుని, అమ్మేద్దాం అన్నాడు. జన్మలో అంత మొత్తం చూడలేమన్నాడు. నాకూ మనసు ఊగింది, అబద్ధమెందుకు. గౌరీబిదనూరు వైపు పోతే బాడిగలు తక్కువంట అని నేనే అన్నాను.

టెలిఫోనమ్మ ముద్ద పళ్ళెంలో వదిలేసింది.

"నాకూ ఒక సైటు ఉండె, బెంగళూరులో. మంచి రేటొచ్చిందని అమ్మేసినా. ఆ దుడ్డు ఏమైపాయెనో ఇప్పుడు గుర్తు గూడా లేదు. ఆ పొద్దు నుంచి బాడిగిండ్లే. రిటైరైనంక ఆడ బాడిగ కట్టలేకనే ఈడికొచ్చినా. గాలి కోసరం, కొండ కోసరం అనేదంతా ఊరికే చెప్పుకునేదానికి. బెంగళూరు నన్ను తోసింది. నేనొచ్చి మిమ్మల్ని తోసినా. మీరు పోయి ఎవుర్ని తోస్తారప్పా?"

మా ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఎండిపోయింది. మర్నాడు పొద్దున్నే తనే పోయి బ్రోకరుతో, అమ్మేది లేదు, బండలెత్తేదానికి మాత్రం నువ్వూ రా, సంగటి పెడతాం అని చెప్పి వచ్చాడు.

ఆ బండలెత్తిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది! టెలిఫోనమ్మ ముందురోజంతా ఫోను పట్టుకుని కూర్చుని ఊళ్ళో ఉన్న పింఛనుదార్లందరినీ పిలిచేసింది. బండ పనివాళ్ళు మోకులు కట్టి, దుంగలు గోడకు ఏటవాలుగా నిలిపేసరికి, మఫ్లర్లు చుట్టుకుని నడక బూట్లతో పెద్దమనుషులంతా దిగారు. రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన చొక్కా చేతులు మడుచుకుని ఏ పక్క పట్టుకోవాలప్పా అని అడిగాడు. పనివాళ్ళు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. మా ఆయన ఉత్తినే పిలిచాడనుకున్నాం, ఆ బ్రోకరు కూడా సంగటి వేళకంటే ముందే వచ్చాడు.

బండలు ఒక్కొక్కటే ఎక్కాయి. ఆఖరి బండ సగం దూరంలో మొరాయించింది. కింద వాళ్ళు తోస్తున్నారు, పైన వాళ్ళు లాగుతున్నారు, అది కదలదు. అప్పుడు పెద్దమనుషులు, బ్రోకరు, నేను, మా ఆయన, అందరం మోకు పట్టాం. తోకన టెలిఫోనమ్మ. ఐలేసా అని ఆవిడ పెట్టిన కేకకు రోడ్డు మీద పోయే లారీ ఆగింది. బండ కదిలింది. కదిలి, జారి, పైకెక్కి, తన చోట్లో కూర్చుంది. అంతవరకూ ఎండ పడుతున్న నేల మీద నీడ పడింది. మా ఇంటి నీడ! నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. వద్దు వద్దంటున్నా వినకుండా నిచ్చెన ఎక్కి, ఆవిడ ఆ బండల మీద నిలబడింది.

మేము కొత్తింటికి మారినా ఆవిడ పాతింట్లోనే ఉండిపోయింది. ఏడాదికి ఆ పాత ఓనరు ఆవిడనూ ఖాళీ చేయమన్నాడు. ఇంకా ఎక్కువిచ్చేవాళ్ళు దొరికారు మరి. మా ఆయన నన్ను అడగను కూడా అడగలేదు. మా కప్పుకు పోగా మిగిలిన బండలతో పక్కన ఒక గది కట్టి, టెంపోలో ఆవిడ సామాన్లు తెచ్చేశాడు. బాడిగ వద్దంటే ఆవిడ అలిగి అన్నం మానేసింది. సరే ఇవ్వండి అన్నాకే తిన్నది. ఆ పైన కనపడినవాళ్ళందరికీ, నేను వీళ్ళ బాడిగదాన్ని అని గొప్పగా చెప్పుకునేది. పండు ముసలిదయ్యేదాకా ఆ గదిలో ఉంది. అక్కడే పోయింది.

ఇంకా ఆవిడ దినం కాకముందే వేరే బ్రోకరు ఒకడు వచ్చాడు. బయట కారులో బెంగళూరు నుంచి వచ్చిన పెద్ద దంపతులు. మంచివాళ్ళలాగే ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడ కారు దిగి కొండ వైపు చూస్తూ నిలబడింది. వాళ్ళు ఇస్తామన్న బాడిగ విని నేను వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాను. మా ఆయన మాత్రం తడుముకోకుండా, గది ఇచ్చేసినాం స్వామీ అన్నాడు. ఎవరికిచ్చాం అని నేను కళ్ళతోనే అడిగాను. ఆయన వాళ్ళను సాగనంపడానికి కారు దాకా పోయాడు.

కర్మలైన తర్వాత, నిన్న, మా ఆయన తన బస్సులో చేసే కుర్ర కండక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళనూ ఇల్లు ఖాళీ చేయమన్నారట. వెనక ఆ పిల్లాడి భార్య, చంకలో నెలల బిడ్డ. బాడిగ ఎంత అని ఆ పిల్ల భయం భయంగా అడిగింది. అమ్మ ఇస్తాండిందే ఇయ్యండి, అన్నాడు మా ఆయన. ఆ పిల్ల నమ్మలేనట్టు నా మొహం చూసింది. నేను తలూపాను. ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అంతే, ఆ పిల్లకు కాళ్ళు నిలవలేదు. స్టవ్ ఇక్కడ, బియ్యం డబ్బా అక్కడ అంటూ గదంతా తిరిగింది. తిరిగి తిరిగి నడిమధ్యలో ఆగి, తలెత్తి రాతికప్పు చూసింది.

"ఉయ్యాల యాడ కట్టేదన్నా?"

మా ఆయన అప్పటికే నిచ్చెన తేవడానికి పోయాడు. పైకెక్కి, రెండు బండల మధ్య సందు వేళ్ళతో తడిమి చూసి, ఇనప కొక్కెం పెట్టి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. గది గంటలా మోగింది. పాత గచ్చు పొడి ఆయన తలమీదా, కింద నిలబడిన మా మీదా రాలుతోంది. చంకలో బిడ్డ నోరు తెరిచి పైకి చూస్తోంది.