చర్చి గోపురం మీద నీలం నక్షత్రం

ఆ రోజుల్లో నా విశ్వాసం ఎలాంటిదంటే, బైబిలు వాక్యంలో ఏ మాట చదివినా మర్నాటికల్లా దాన్ని మా భిలాయిలో అమలు చేసెయ్యాలనిపించేది. (విశ్వాసం ఇప్పటికీ తగ్గలేదు, తొందర తగ్గింది.) పన్నెండో తరగతి పరీక్షలు రాసి, సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతూ ఖాళీగా ఉన్న వేసవి అది. విదేశాల్లో ఆకాశహర్మ్యాల నెత్తిన రంగుదీపాలు పెడతారనీ, ఆ రంగును బట్టే మర్నాడు ఎండో వానో ఊరంతా తెలుసుకుంటుందనీ ఒక పత్రికలో చదివాను. మా సెక్టారులో అంత మేడ ఎక్కడిది? ఉన్నదల్లా మా తెలుగు చర్చి గోపురం, దాని మీద క్రిస్మస్‌కి కట్టి దింపడం మరిచిపోయిన గాజుకాగితం నక్షత్రం.

"ఏటమ్మా, ఎండాకాలంలో నక్షత్రమేటి?" అన్నారు పాస్టరయ్యగారు.

"జ్ఞానులకి దారి చూపించింది కదండీ, మనకి వాన సంగతి చెప్పలేదా?"

ఆయన నవ్వి గోపురం తాళంచెవి ఇచ్చేశారు. నీలం బల్బు వెలిగితే మర్నాడు ఎండ, ఎర్రబల్బు వెలిగితే వాన. ఏది వెలిగించాలో సువార్తే చెప్పింది: సాయంత్రం ఆకాశం ఎర్రగా ఉంటే వాన రాదని ప్రభువు కాలంలోనే జనం అనుకునేవారట. (పొద్దున ఎర్రబడితే గాలివాన అన్న రెండో సగం, బారెడు పొద్దెక్కాక లేచే నాకు అక్కర్లేదనిపించింది.) ఉక్కు ప్లాంటులో ఇనుము తీయగా మిగిలిన చిట్టెం, అదే కరిగిన స్లాగ్‌ను, గుట్ట మీద పారబోస్తే మా ఆకాశం ఎర్రబడుతుందని పాలు తాగే పిల్లకైనా తెలుసు. కానీ చీకటిపడ్డాక ఎరుపు ప్లాంటుది, సందెవేళ ఎరుపు దేవుడిది అని నేను పంచేశాను. వానలింకా మొదలుకాలేదు కాబట్టి రోజూ నీలమే వెలిగింది, రోజూ నిజమైంది. అమ్మలక్కలు నక్షత్రం చూసి మరీ అప్పడాలు ఆరబెట్టేవారు. నాకు నడకలో కాస్త ప్రవక్త దర్జా కూడా వచ్చింది.

జూన్ చివర్లో అక్క పెళ్ళి. చర్చి ఆవరణలో షామియానా వేసి విందు. ముందురోజు మధ్యాహ్నం సెకండ్ షిఫ్టుకి వెళుతూ నాన్న అమ్మతో, "షామియానా మీద తిర్పాల్ ఎయ్యాలో వద్దో మన సిన్నీ ఎలిగించే నక్షత్రం సూసి టెంటోడికి సెప్పు. తడిసేమంటే మగపెళ్ళోరి ముందు తలెత్తుకోలేం" అన్నాడు.

సాయంత్రం టెంటు భయ్యా పైకి చూసి, "దీదీ, తిర్పాల్ డాల్ దూఁ? పానీ గిరేగా" అని వాన పడేలా ఉందని హెచ్చరించాడు. సరిగ్గా అప్పుడే ఆకాశం ఆ కొస నుంచి ఈ కొసకి, ఎన్నడూ లేనంత ఎర్రబడింది. పరుగున వెళ్ళి నీలం స్విచ్చి నొక్కాను. అమ్మ నక్షత్రం చూసి, "వద్దులే భయ్యా, మా సిన్నీ సెప్పేసింది" అంది.

మర్నాడు ఆశీర్వాద ప్రార్థన అయి, జనం బంతికి కూర్చున్నారో లేదో, కుండపోత. షామియానా కడుపునిండా నీళ్ళు తాగి పప్పుగంగాళంలోకి కక్కింది. పెళ్ళికొడుకు పెదనాన్నగారు విస్తరి నెత్తిన పెట్టుకుని పరుగెత్తారు. గాజుకాగితం ఊడి వేలాడుతోంది. నేను ఆర్పడం మరిచిన నీలం బల్బు మాత్రం శాంతంగా వెలుగుతోంది. దాని కింద నిలబడి ఏడుస్తున్న నా దగ్గరికి నాన్న తడిసిన పంచెతో వచ్చాడు.

"నిన్న ఎన్నింటికి సూసేవే ఆకాశం?"

"ఆరున్నరకి."

నాన్న నాలిక కరుచుకున్నాడు. ఆయన డ్యూటీ స్లాగ్ బండి మీదే. "అది దేవుడి ఎరుపు కాదే సిన్నీ, నాది! నిన్న పెందలాడే పారబోసేం. మబ్బు కిందకి దిగిందంటే ఆ ఎరుపు అంత మేరా పాకుతాది."

అంటే నేను వానమబ్బును కళ్ళారా చూసి మరీ ఎండని చాటానన్నమాట. "అందరి ముందూ నీ పరువు..." అని వెక్కాను.

"నేను పోసేను, నువ్వు సదివేవు. ఇద్దరం కలిసే ముంచేం. పద" అని తన కండువా నా నెత్తిన కప్పాడు.

లోపల చర్చి బల్లల మీద విందు సాగుతోంది. అక్క ముసుగు పిండుకుంటూ పకపకా నవ్వుతోంది. ఆ పెదనాన్నగారు నన్ను చూసి, "ఏటమ్మా ప్రవక్తా, రేపటికేటి కబురు?" అని మారు సాంబారు పోయించుకున్నారు. నాన్న తల అప్పుడు నిటారుగా లేచింది.

ఇప్పుడు నేనుండే నగరంలో నిజంగానే ఒక మేడ నెత్తిన దీపం వాతావరణాన్ని బట్టి రంగులు మారుస్తుంది. నీలం వెలిగిందంటే గొడుగు తీసుకునే బయల్దేరతాను. నాన్న ప్రభువు సన్నిధికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. అయినా సందెవేళ ఆకాశం ఎర్రబడితే, రేపు ఎండా వానా అన్న ఆలోచన రాదు. నాన్న డ్యూటీలో ఉన్నాడనుకుంటాను.