వీధి దండెం మీద సైకిలు నిక్కరు

చోడవరంలో ఆడదాని లోబట్టకి ఎండ తగలదు. నమ్మకపోతే ఏ వీధికైనా వెళ్ళి తలెత్తి దండేలు చూడండి. లుంగీలు, బనియన్లు, మగవాళ్ళ చిరుగుల డ్రాయర్లు రోడ్డు వైపు దర్జాగా ఊగుతుంటాయి. ఆడవాళ్ళవి మాత్రం పెరట్లో, ఏ పాత తువ్వాలు కిందో చీర మడత కిందో దాక్కుని, సగం ఆరీ సగం ఆరక ముక్కిపోయిన వాసన కొడుతుంటాయి. నేను ఇరవై ఆరేళ్ళుగా మిషను కుడుతున్నాను, ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ కొలతలు నా నోటికొచ్చు. ఎవరెవరి బట్ట ఎక్కడ ఆరుతుందో కూడా తెలుసు. నావీ తువ్వాలు కిందే ఆరేవి. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు. అడిగింది మా పక్కింటి నూకరత్నం. ఆవిడ గురించి ఊళ్ళో నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను. నా పేరు పైడితల్లి. నా మాట మీద ఎవరికైనా అనుమానముంటే కొట్టుకి వచ్చి అడగొచ్చు.

రత్నానికి నలభై రెండేళ్ళు. పుట్టిల్లు రావికమతం వైపు, చెరుకు రైతుల ఇల్లు. చిన్నప్పుడే సైకిలు మీద తండ్రికి పొలానికి క్యారేజీ మోసిన మనిషి. పద్దెనిమిదేళ్ళుగా వడ్డాది అవతల ఒక పల్లెలో పోస్టు పంచుతోంది. రానూ పోనూ, తిరుగుడుతో కలిపి, రోజుకి ముప్పై కిలోమీటర్లు తొక్కుతుంది. దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఉద్యోగం కదా. పని మీద ఆడది ఎంత దూరం పోయినా మనవాళ్ళకి అభ్యంతరం లేదు, పని లేకుండా పోతేనే కళ్ళు ఎర్రబడతాయి.

రెండేళ్ళ కిందట ఒకరోజు వడ్డాదిలో టీ కొట్టు దగ్గర విశాఖపట్నం సైకిలు గుంపు ఒకటి ఆగింది. ఎక్కడికెళ్తున్నారని ఇది అడిగింది. అనకాపల్లిలో పొద్దున్న ఐదింటికి బయల్దేరి, అన్నవరం దాకా పోయి, తుని, నర్సీపట్నం, వడ్డాది, చోడవరం మీదుగా మళ్ళీ అనకాపల్లి, రెండొందల కిలోమీటర్లు, సాయంత్రం ఆరున్నర లోపల చేరాలి అన్నారట. "అక్కడేటి పనుంది?" అంటే, "పనేం లేదండీ, ఊరికే" అన్నారట.

ఆ సాయంత్రం నా కొట్టుకొచ్చి కూర్చుంది. "పైడక్కా, నా బతుకులో ఊరికే ఎక్కడికీ ఎల్లలేదు. గుడికెల్తే మొక్కుండేది. పుట్టింటికెల్తే పురుడో సావో ఉండేది. ఊరికే ఎల్లడం ఎలాగుంటాదో సూడాలనుంది" అంది. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. నాదీ అదే బతుకు మరి.

ఆ గుంపులోవాళ్ళ దగ్గరే గేర్ల సైకిలు ఒకటి పాతది తీసుకుంది. దాని సీటు చూస్తే నా అరచెయ్యంత ఉంది. దాని మీద పదమూడు గంటలు కూర్చోవాలంటే లోపల మెత్త ఉన్న నిక్కరు కావాలని ఫోన్లో బొమ్మ చూపించింది. తొడలకి అంటిపెట్టుకునే బిగుతు గుడ్డ, కూర్చునే చోట మెత్త. ఓస్ ఇంతేనా అనిపించింది. "దీనికి విశాఖపట్నం పోవాలేటే? నేను కుట్టనా?" అన్నాను.

తప్పంతా అక్కడే ఉంది, అది నాదే. జాకెట్టు కప్పుల్లో పెట్టే స్పాంజీ నాలుగు ముక్కలు కలిపి, లెగ్గింగు కత్తిరించి, మధ్యలో రెండు వరసలు గట్టి కుట్టు వేశాను. నా కుట్టు ఊడదని ఊళ్ళో పేరు. ఊడకపోవడమే కొంప ముంచింది. పైగా నిక్కరు కింద చెడ్డీ వేసుకోకుండా ఏ ఆడదైనా గడప దాటుతుందా? అది కూడా వేసుకుని, ఆ గుంపుతో రెండొందల కిలోమీటర్లకి బయల్దేరింది. నూట ముప్పై ఏడో కిలోమీటరు, నర్సీపట్నం. ఇక సీటు మీద ఆన్చలేక దిగిపోయింది. వాళ్ళ వేనులో ఇంటికి తెచ్చి దింపారు. కొబ్బరినూనె రాద్దామని చూస్తే, నా రెండు వరసల కుట్టు ఎక్కడ పోయిందో సరిగ్గా అక్కడ, స్కేలు పెట్టి గీసినట్టు, తోలు లేచిపోయి ఉంది. రాస్తూ ఏడ్చాను. "ఊరుకో అక్కా, నీ సేతులేగా" అని అదే నన్ను ఓదార్చింది.

వాళ్ళత్త సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి, "పిర్రలకి తలగడ కుట్టించుకుని తిరిగితే ఇలాగే అవుద్ది" అంది. ఎదురింటి సత్యారావుకైతే పండగే. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ వినబడేలా, "ఎల్లడం సైకిలు మీద, రావడం వేనులోనా? ఇదేటమ్మా కొత్త పద్ధతి!" అని వారం రోజులు నవ్వాడు. మొగుడు శివాజీ మాడుగుల సర్వీసు ఆటో తోలుకుంటాడు, ఎవరి వైపూ మాట్లాడడు. రత్నం అందరి మాటలూ విని ఒకటే అంది. "వచ్చే జనవరిలో మళ్ళీ ఉంది. ఈసారి అనకాపల్లిలోనే దిగుతాను."

దసరా వెళ్ళాక ఇద్దరం బస్సెక్కి విశాఖపట్నం పోయి సైకిళ్ళ కొట్లో దిగాం. కొట్టతను ముందు మగవాళ్ళవి చూపించాడు. ఆడవాళ్ళవి లేవా అంటే లోపల్నించి తెచ్చి, వాటిలో అన్నిటికన్నా లావు మెత్త ఉన్నది తీసి, "దూరం వెళ్ళేవాళ్ళకి ఇదే మేడం" అన్నాడు. లావుగా ఉంటే మెత్తగా ఉన్నట్టేనా? ఒకసారి కాలిన చెయ్యి కదా, నేను బొటనవేలితో నొక్కి చూశాను. ఆ లావుది నొక్కితే అట్టడుగుకి పోయింది, తియ్యగానే పైకి రాలేదు. పక్కనున్న సన్నపాటిది గట్టిగా ఎదురు తన్ని, వెంటనే లేచింది. బట్ట సంగతి నాకొకరు చెప్పాలా!

కొట్లో దేవిశ్రీ అని ఒక గుంట ఉంది, పాతికేళ్ళుంటాయి. "నిలబడి చూసుకుంటే ఏదైనా బాగానే ఉంటుంది ఆంటీ, సైకిలెక్కి వంగి చూడండి" అని, స్టాండు మీదున్న సైకిలొకటి చూపించింది. రత్నం మొహమాటపడలేదు. ఒక్కోటీ తొడుక్కుని వచ్చి ఆ సైకిలెక్కి తొక్కింది. కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు, చూడనీ. లావుది వంగగానే తొడల మధ్య ముద్దకట్టింది. సన్నది నిలబడితే పసిపిల్ల గుడ్డ కట్టుకున్నట్టుంది గానీ, వంగితే ఉన్నట్టే తెలియలేదు. దాని మెత్త వెనక వైపు వెడల్పుగా ఉంది, ఆడవాళ్ళ ఎముకకి సరిపోయేలా. నడిమధ్య కుట్టు లేదు. ఇరవై నిమిషాలు తొక్కి దిగి, "ఇదే అక్కా" అంది.

అప్పుడు దేవిశ్రీ దగ్గరికొచ్చి నెమ్మదిగా, "లోపల ఇంకేమీ వేసుకోకూడదు ఆంటీ. చర్మానికే తగలాలి. అలాగే వేసుకున్న ప్రతిసారీ ఉతికి, తిరగేసి ఎండలో ఆరబెట్టాలి" అంది. మొదటి మాటకే మా ఇద్దరి బుర్రలూ తిరిగిపోయాయి. రెండో మాట ఎవరు విన్నారు?

వినకపోతే ఏమైందో చెప్తాను. రత్నం ఇంటి పెరడుకి వెనకింటివాళ్ళ మేడ అడ్డం, పూట ఎండ కూడా పడదు. రివాజు ప్రకారం తువ్వాలు కింద ఆరేసింది. పైగుడ్డ ఆరింది గానీ మెత్త లోపల చెమ్మ పోలేదు. ఆ చెమ్మతోనే రోజూ సాధన చేసింది. మూడో వారానికి సెగ్గడ్డలు. ఆసుపత్రిలో నర్సు చూసి, నిక్కరు ఎక్కడ ఆరేస్తున్నావని అడిగింది. చెప్పింది. "మీ ఇంటికి ఎండ లేదా?" "ఉందమ్మా, వీధి వైపుంది." "మరి?"



మర్నాడు పొద్దున్న కిటికీ ఊచ నుంచి గేటు స్తంభానికి తాడు కట్టింది. నిక్కరు తిరగేసి, గులాబీ రంగు మెత్త నేరుగా సూర్యుడికి చూపించి, రెండు క్లిప్పులు పెట్టింది. సన్యాసమ్మ వచ్చి తీసేసింది. ఇది మళ్ళీ వేసింది. ఆవిడ తీసింది, ఇది వేసింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. సత్యారావు గేటు దాకా వచ్చి, "పిన్నీ, మర్యాదస్తులున్న వీధి. ఆడపిల్లలు తిరిగే సోటు. ఏటిది?" అన్నాడు.

సన్యాసమ్మ తలదించుకుంది. రత్నం దించుకోలేదు. "సత్యారావు బావా, పదేళ్ళుగా మీ డ్రాయరు నా గుమ్మానికెదురుగా ఊగతంది. పొద్దున్నే తలుపు తీస్తే ముందదే కనబడద్ది. నేనెప్పుడైనా ఏటైనా అన్నానా? మీది లోపలెట్టండి, నాదీ లోపలెడతాను" అంది.

ఆయన డ్రాయరు ఈనాటికీ బయటే ఉంది. నాలుగో రోజు నా బట్టలు కూడా నా వీధి దండెం ఎక్కాయి, తువ్వాలు లేకుండా. ఎవడేమంటాడో చూద్దామని కత్తెర చేతిలో పట్టుకుని కొట్టు ముందే కూర్చున్నాను. ఎవడూ అనలేదు.

ఎండ తగిలాక రత్నం పుళ్ళు పది రోజుల్లో మానిపోయాయి. చలికాలమంతా సాధన చేసింది. ఊరు దాటేదాకా నిక్కరు మీద పంజాబీ డ్రెస్సు పేంటు వేసుకునేది, దాటాక తీసి సంచిలో పెట్టుకునేది. అది అత్తకిచ్చిన ఒక్క మాట. జనవరి ప్రయాణానికి ముందు రోజు సన్యాసమ్మ దాని గురించే పట్టుబట్టింది. "రేపు సాయంత్రం బజార్లోంచి నిక్కరుతో పోతే మాత్రం ఒప్పుకోను. నాను జంక్షన్లో పేంటు అట్టుకుని నిలబడతాను. దిగి ఏసుకుని పో."

"నూట ఎనభై తొక్కేక దిగితే కాళ్ళు పట్టేస్తాయి అత్తా. మళ్ళీ ఎక్కలేను. అంతా పోద్ది."

"నాను ఆపుతాను."

"నేను ఆగను."

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకే సన్యాసమ్మ జంక్షన్లో ఒక కొట్టు మెట్టు మీద కూర్చుంది, ఒళ్ళో మడతపెట్టిన పేంటు. తోడు నేను. చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ముందు నలుగురు మగవాళ్ళు సైకిళ్ళ మీద పోయారు. ఐదూ ఇరవైకి వడ్డాది వైపు నుంచి రత్నం కనబడింది. మొహం మీద చెమట ఎండి ఉప్పు కట్టింది. కింద నల్ల నిక్కరు, మోకాళ్ళ నుంచి అంతా దుమ్ము. ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉంది, గంటా పది నిమిషాలుంది.

సన్యాసమ్మ రోడ్డు మీదికి దిగి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆగనన్న మనిషి బ్రేకు వేసింది. దండెం దగ్గర అంత పోట్లాడింది గానీ, ఎదురుగా ముసలామె చెయ్యి చాపి నిలబడితే దాటిపోలేకపోయింది. కోడలిగా ఇన్నేళ్ళ అలవాటు. సైకిలు నడకంత నెమ్మదైపోయింది. ఒక కాలు పెడలు మీద నుంచి తీసి గాల్లో పెట్టింది. 

పాన్‌షాపు దగ్గర నుంచి సత్యారావు గొంతు వినబడింది. "అదిగో, దిగిపోతంది! నే సెప్పలేదా? నర్సీపట్నంలో అయిపోయింది, ఇప్పుడు సోడవరంలో అయిపోయింది!" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

సన్యాసమ్మ అతని వైపు తిరిగి చూసింది. కోడలి వైపు చూసింది. చాపిన చెయ్యి వెనక్కి లాక్కుని, పేంటు తన భుజమ్మీద పడేసుకుని, ట్రాక్టర్ల మోత మించిపోయేలా అరిచింది.

"ఒసే, దిగకే! రెణ్ణెల్లు నీ నిక్కరు వీధిలో ఆరేసి ఉన్న పరువంతా తీసేసేవు. అదెలాగూ పోయింది. ఇప్పుడు దిగేవంటే ఆ పరువు దండగైపోద్ది! తొక్కు!"

రత్నం కాలు నేలకి తగల్లేదు. మళ్ళీ పెడలు మీదికి పోయింది. నేను పిచ్చిదానిలా పది అడుగులు వెనకాల పరిగెత్తాను. బజార్లో జనం పక్కకి తప్పుకున్నారు. అనకాపల్లి రోడ్డు మలుపులో నల్ల నిక్కరు కనబడకుండా పోయేదాకా సన్యాసమ్మ రోడ్డు మధ్యే నిలబడింది, ట్రాక్టరువాడు హారను కొడుతున్నా.

ఇంటికి పోదామంటే కదల్లేదు. సత్యారావు కూడా కదల్లేదు, ఓడిపోతుందేమో చూద్దామని. ఆరు దాటింది, చీకటి పడింది, కొట్లల్లో లైట్లు వేశారు. ఆరూ ఇరవై నాలుగుకి నా ఫోను మోగింది. "అయిపోయింది అక్కా. ఆరు నిమిషాలు మిగిలింది" అంది రత్నం, ఆయాసపడుతూ.

సన్యాసమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. శభాష్ అనలేదు. "నొప్పెట్టిందేటే?" అని అడిగింది.

స్పీకరు ఆన్‌లో ఉంది. "లేదత్తా, ఎక్కడా లేదు" అన్న మాట పాన్‌షాపు దాకా వినబడింది.