సంగటి కట్టె మళ్ళీ చేతికొచ్చిన రోజు

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన మాకో చిన్న సంగటి హోటల్ ఉంది. కూరలు మా ఆయన చూసుకుంటాడు, కట్టెతో రాగి సంగటి కెలకడం నా పని. ఆ రోజు పొద్దున సంగటి దించి పైటతో చెమట తుడుచుకుంటుంటే కుడి చంక దగ్గర, రొమ్ము అంచున గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. మా ఆయనతో చెప్తే ఆ మధ్యాహ్నమే హోటల్ మూసేశాడు.

చిత్తూరులో డాక్టరమ్మ చూసి మామోగ్రామ్ రాసింది. తర్వాత తిరుపతి పెద్దాసుపత్రిలో బయాప్సీ. రిపోర్టు వచ్చిన రోజు సర్జన్ మా ఆయన వైపు తిరిగి మొదలుపెట్టబోతే, "గడ్డ నాది సార్, నాకే చెప్పండి" అన్నాను. ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"క్యాన్సరేనమ్మా. తొందరగానే వచ్చినారు. రొమ్ము, చంకలో ఉండే లింఫు గ్రంథులు, నోడ్స్ అంటాం, తీసేయాల. ఆపైన కీమో, ఆపైన రేడియేషన్."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన ఏడవలేదు. నా చెప్పులు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఫిజియోథెరపీ మేడమ్ వచ్చి, రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళు పైకి పాకించమని చూపించింది. నేను నీరసంలో తల ఊపాను. ఆ సమయానికి మా అమ్మ మందుల కోసం కిందికి పోయి ఉంది.

మా అమ్మ లెక్కలో ఒంటికి కోత పడితే బాలింతే. కాన్పయినా, కడుపు కోసినా ఒకటే వైద్యం. తలకు గుడ్డ, చెవుల్లో దూది, మిరియాల చారు, మంచం. "పచ్చి ఒళ్ళు మే. చెంబు గూడా ఎత్తొద్దు. కుట్లు పిగిలితే యాడికి పోతాం?" అనేది. అన్నం కలిపి పెట్టేది, జడ వేసేది, కుడి చేతి కింద దిండు పెట్టి కదలనిచ్చేది కాదు. గోడ సంగతి నేనోసారి ఎత్తితే, "కుట్లు మానినాక సూస్తాంలే" అంది. కీమో మొదలయ్యాక ఆ జడ కూడా పోయింది. నోరంతా పుండ్లు. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. గోడ ఎవరికి గుర్తుంటుంది? నిజం చెప్పాలంటే ఆ దిండు మీద చెయ్యి సుఖంగానే ఉండేది.

కీమో అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాం. రేడియేషన్ ప్లానింగ్ రోజున బల్ల మీద పడుకోబెట్టి, కుడి చెయ్యి తల మీదికి పెట్టమన్నారు. భుజం ఎత్తు దాకా కూడా రాలేదు. టెక్నీషియన్ మెల్లగా ఎత్తబోతే కేక పెట్టాను. డాక్టర్ వచ్చి చూశాడు.

"చెయ్యి ఇట్లా అడ్డంగా ఉంటే రేడియేషన్ సరిగ్గా ఇయ్యలేమమ్మా. భుజం బిగుసుకుపోయుండాది. ఫిజియో చేసుకుని రండి. ఎక్కువ ఆలస్యం చేసేదానికి లేదు."

క్యాన్సర్ అన్నప్పుడు కూడా అంత భయపడలేదు. నా చెయ్యే నా మందుకు అడ్డుపడింది. వరండాలో అమ్మ మీద అరిచాను, అందరూ చూస్తున్నా. అమ్మ, "నీ మేలుకే అనుకుంటి గదే" అంది. ఆ తర్వాత నాకే బాధేసింది.

తిరుచానూరులో ఒక గది తీసుకుని అమ్మా నేనూ రోజూ ఫిజియోకు పోయేవాళ్ళం. సాయంత్రాలు గది గోడ మీద వేళ్ళు పాకించడం. కన్నీళ్ళు వచ్చేవి. అమ్మ నా వెనక నిలబడి, వేళ్ళు ఆగిన చోట పసుపు బొట్టు పెట్టేది. మర్నాడు బొట్టు దాటేదాకా వదిలేది కాదు. "ఇంకొంచెం మే, ఇంకొంచెం" అంటుంటే, ఇన్నాళ్ళూ దిండు పెట్టిన మనిషి ఈమేనా అనిపించేది. బొట్లు తలుపు పై చట్రం ఎత్తు దాకా పాకాయి. బల్ల మీద చెయ్యి తలపైకి వెళ్ళింది. రేడియేషన్ పూర్తయింది.

అప్పుడు ఫిజియో మేడమ్, "ఇంక బరువులు మొదలుపెడదాం" అంది.

అమ్మ బిత్తరపోయింది. "బరువులా! నోడ్స్ తీసిన సెయ్యి గదమ్మా!"

"వాడకపోతే ఇంకా బలం పోతాదమ్మా. మేం చూస్తా చూస్తా పెంచుతాం. వాపొస్తే మాత్రం దాచిపెట్టొద్దు."

గది ఖాళీ చేసి ఇంటికొచ్చాం. ముందు చిన్న నీళ్ళ సీసా. తర్వాత రబ్బరు బ్యాండు లాగడం, చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవడం. ఆడవాళ్ళు బరువులెత్తడమేంటని హోటల్‌కొచ్చే లారీ డ్రైవర్ ఒకడు నవ్వాడు. "ఇన్నాళ్ళూ నువ్వు తిన్న సంగటి ఎవురు ఎత్తినారప్పా?" అన్నాను.

నాలుగు రోజులు ఒళ్ళు తేలికపడేసరికి తొందర పుట్టింది. నిండు సంగటి గిన్నె ఒక్కదాన్నే దించాను. సాయంత్రానికి కుడి చేతి గాజులు బిగిశాయి. లింఫెడీమా, నోడ్స్ తీసిన చేతికి వచ్చే నీటి వాపు, అన్నారు. చేతికి స్లీవ్ అని బిగుతు తొడుగు వేశారు, మళ్ళీ సీసా దగ్గరికే వచ్చాను. "పెంచమన్నాం గానీ దూకమన్లేదు గదా" అంది మేడమ్. నెలల కష్టం నీళ్ళపాలైందని కుమిలిపోయాను. కానీ అట్లా కాలేదు. ఈసారి వాళ్ళు చెప్పినట్టే నడిచాను, వాపు దిగింది.

ఇప్పుడు స్లీవ్ వేసుకునే బరువులు చేస్తున్నాను. చెకప్‌లకు పోయిన ప్రతిసారీ భయమేస్తుంది, అది పోదేమో. కానీ హోటల్‌కు వెళ్తున్నాను. తిరుచానూరు నుంచి వచ్చినప్పటి నుంచీ నా బదులు అమ్మే కెలికేది, ఆయాసపడుతూనే. నన్ను కట్టె ముట్టుకోనిచ్చేది కాదు. మేడమ్ సరేనన్నాక ఒక పొద్దున, పిండి ఉడికి కెలికే వేళకి, అమ్మ పొయ్యి ముందు నుంచి లేచింది. నా గాజుల్లో వేలు పెట్టి వదులుగా ఉన్నాయా లేదా చూసింది. కట్టె నా చేతికిచ్చింది.

"ఇంద, కెలుకు. నేను గిన్నె పట్టుకుంటా."

రెండు చేతులా కట్టె పట్టుకున్నాను. సంగటి తిరిగింది.

ఈ దారిన నడిచేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. ఆపరేషన్ అయి ఇంటికొచ్చే రోజున చేతితో ఏం చేయకూడదో అడిగి ఊరుకోకండి, ఏం చేయాలో, ఎప్పటినుంచి చేయాలో కూడా అడగండి. అడిగేటప్పుడు, ఇంట్లో మీకు చారు కాచిపోసే మనిషిని పక్కనే నిలబెట్టుకోండి.