గుండ్ల చాయ్

అత్తమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను కల్లూరు బడిలో ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. సెలవడిగితే హెడ్‌మాస్టరు, "ఏమవుతుంది మీకు?" అన్నారు. "అత్త" అన్నాను. నిజానికి చుట్టం కాదు. కారేపల్లి అవతల బొగ్గుబాయి కాలనీలో నాలుగేళ్లు ఆమె పక్క వాటాలో కిరాయికి ఉన్నాను, అంతే. ఆ మాట అన్నందుకు నాకేం సిగ్గు లేదు.

నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చున్నవాళ్లు, "మంచిమనిషి, ఒక్కనాడు ఎదురు మాట్లాడలే" అనుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఎదురు మాట్లాడకపోవడమేమిటి? ఆమె రోజుకు నాలుగుసార్లైనా ఎదురు చెప్పేది. చచ్చిపోయింది కదా అని మనిషిని మార్చేస్తే ఎట్లా?

ఆమె భర్తను మామ అనేదాన్ని. ఆ ఇంట్లో పొయ్యి బాయిలో మామ షిఫ్టును బట్టి వెలిగేది. పొద్దున షిఫ్టయితే తెల్లారకముందే టిఫిన్ డబ్బా, రాత్రి షిఫ్టయితే పొద్దెక్కాక వేడన్నం. ముప్పై ఏళ్లు అట్లాగే వండింది. మామ రిటైరైన ఏడాదే కాలనీకి కేబుల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం టీవీలో ఏదో దేశపు అంగడి చూపిస్తున్నారు. ఒక ముసలామె పాల చాయ్ గ్లాసు పట్టుకుంది. అడుగున నల్లటి గుండ్లు. లావుపాటి గొట్టంతో వాటిని పీల్చి తాపీగా నములుతోంది. ఆ భాష మాకు ముక్క అర్థం కాలేదు. అత్తమ్మ తెరకు దగ్గరగా జరిగి, "సగ్గుబియ్యం లెక్కనే ఉన్నది పిల్లా. నేను చేస్త" అంది.

సగ్గుబియ్యం అంటే మనకు తెలిసిన మొదటి పని నానబెట్టడం. పాయసానికి నానబెట్టినట్టే నానబెట్టి బెల్లం నీళ్లలో ఉడికించింది. గిన్నె నిండా జిగురు. పారబోయలేదు, డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టింది. తియ్యటి వడియాలు వేయించుకుని తిన్న ఇళ్లు ఆ కాలనీలో మావి రెండే. మళ్లీ ఐతారం సగ్గుబియ్యాన్ని మిక్సీలో పిండి పట్టి చన్నీళ్లతో కలిపింది. పిడికిట్లో ఉన్నంతసేపు ముద్ద, వేళ్లు తెరిస్తే జారిపోయే నీళ్లు. మూడోసారి కుతకుత మరిగే బెల్లం నీళ్లు పిండిలో పోసి, వేళ్లు చురుక్కుమంటున్నా వదలకుండా పిసికింది. అది కుదిరింది. శనగగింజంత ఉండలు చేసి ఉడికించాం. కొరికితే నడుమ తెల్లచుక్క మాయమయ్యేదాకా దించనిచ్చేది కాదు. వాటిని పాల చాయ్‌లో వేసి గుండ్ల చాయ్ అంది.

గొట్టం కోసం ముందు బొప్పాయి ఆకు కాడ వాడితే నోరంతా చేదైంది. తర్వాత సంతలో తట్టలమ్మే ఆమెతో సన్నటి వెదురు ముక్కలు కోయించుకొచ్చింది.

వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసి, "ఎవలకు బాగలేదు?" అని అడిగేవాళ్లు. సగ్గుబియ్యం జావ జ్వరమొచ్చినవాళ్లదే కదా.

"అందరం మంచిగనే ఉన్నం. జరమొస్తేనే తాగాల్నా? మంచిగున్నప్పుడు తాగితే ఎవలన్నా పట్కపోతరా?" అనేది అత్తమ్మ. ఎవరూ తాగకపోతే గడప మీద కూర్చుని, వీధంతా చూసేటట్టు తనే తాగేది.

మామ మాత్రం ముట్టలేదు. ఒకప్పుడు బాయిలో పైకప్పు కూలి ఆయన మూడు నెలలు దవాఖానాలో పడున్నాడు. కాలు సగమే బాగైంది. ఆ మూడు నెలలూ సగ్గుబియ్యం జావే. "ఆ జిగురు నోట్లెకొస్తే నాకు మంచం యాదికొస్తది" అనేవాడు.

"అందుకే తాగుమంటున్న. జావ తాగి బతికినోడివి, చాయ్ తాగి చూడు. మంచం యాది పోవాలె."

అప్పుడు తెలిసింది నాకు. టీవీలో చూసిన సరదా ఎప్పుడో తీరిపోయింది. ఆ మంచాన్ని ఆయన తలలోంచి బయట పడేయాలన్నదే ఆమె పంతం. ప్రతి ఐతారం ఒక గ్లాసుకు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచేది. పొద్దుగూకేదాకా ఆయన ముట్టకపోతే ఎదురుగా కూర్చుని నమిలేది. "వచ్చే ఐతారం తాగుతవు తియ్" అని లేచేది. కోపంతో అనేది కాదు. ఓడినట్టూ అనేది కాదు.

చివరిసారి అత్తమ్మను దవాఖానాలో చూసినప్పుడు ఎవరో జావ తెచ్చారు. మొహం తిప్పుకుంది. "గది నాకొద్దు. ఇంటికివోయి చేసుకుంట" అని, నా చెయ్యి పట్టుకుని, "ఆయన ఇంకా తాగలే పిల్లా" అంది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

మూడోనాడు వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా కాచుకోవడం మా దగ్గర ఆనవాయితీ. అన్నం, కోడికూర, గారెలు పెట్టారు. పొద్దున నేనే చేసిన గుండ్ల చాయ్ తీసుకెళ్లి పక్కన పెట్టాను, వెదురు గొట్టంతో సహా.

మామ అక్క ముక్కు మీద వేలేసుకుంది. "ఏందిది, మేకపెంటికల లెక్క? తియ్యి బిడ్డా."

"తియ్యను పెద్దమ్మా."

గంటసేపు చూశాం. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందని పెద్దవాళ్లు ఆకుకు మొక్కి మాటలిచ్చారు. ఏడాది మాసికం మంచిగా చేస్తామన్నారు, ఆమె సాకిన బర్రెను అమ్మబోమన్నారు. అయినా రాలేదు.

"గా గుండ్లను చూసే బెదురుతున్నయి. జల్దీ తియ్యి" అంది పెద్దమ్మ.

"ఆమెకిష్టమైనవి పెట్టాలన్నారు, పెట్టాను. సాయంత్రం దాకా రాకపోయినా తియ్యను." గ్లాసు పక్కనే నిలబడ్డాను.

అప్పటిదాకా రాయి మీద కూర్చున్న మామ కర్ర ఊతంగా లేచాడు. కుంటుకుంటూ వచ్చి, వంగి, గ్లాసు తీసుకున్నాడు. వెదురు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఒక గుండు గొంతుకు తగిలినట్టుంది, దగ్గాడు. మళ్లీ పీల్చి, కళ్లు మూసుకుని నమిలాడు.

"పిట్ట ముట్టకముందే ముట్టినవేందిరా?" అని పెద్దమ్మ అరిచింది.

ఆయన మింగేదాకా ఆగి, "నేను ముట్టిన గదా అక్కా. ఇగ పోదాం నడువుండ్రి" అన్నాడు.

స్నానాలకు వాగులోకి దిగాం. ఆకు దగ్గరికి కాకి వచ్చిందో లేదో ఎవరమూ చూడలేదు. మామ అందరికంటే వెనక, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గ్లాసుతో ఇసుకలో నడుస్తున్నాడు. నాలుగడుగులకోసారి ఆగి ఒక్కో గుండు పీల్చుకుని, అది పూర్తిగా నమిలాకే మళ్లీ అడుగు వేస్తున్నాడు.