ఫైవిష్ శర్మాణం

దెయ్యాలూ, పూర్వజన్మలూ అంటే నవ్వేసే రకం నేను. ఇంజనీర్ని. మా నాన్న పురోహితుడు కాబట్టి చిన్నప్పుడు నాలుగు మంత్రాలు ఒంటబట్టాయి, అంతే. నమ్మకం మాత్రం ఎప్పుడూ లేదు.

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా ఆఫీసులో డేవిడ్ అని ఒక యూదుడు ఉండేవాడు. వాళ్ల ప్రార్థనలన్నీ వదిలేసి, పెన్సిల్వేనియా కొండల్లో ఒక ఆశ్రమం పట్టుకుని తిరిగేవాడు. చివరికి సన్యాసం పుచ్చుకుంటానన్నాడు.

తండ్రికి ఇతనొక్కడే కొడుకు. ఆయన గుండె జబ్బు మనిషి. తను పోతే, వాళ్ల ఆచారం ప్రకారం, పదిమంది మగవాళ్ల మధ్య నిలబడి ప్రార్థన చదవాల్సింది ఈ కొడుకే. సన్యాసి అయ్యాక ఇంక కొడుకే కాడు కదా! ఎలాగైనా ఆపమని ఆ పెద్దాయన నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. నేను చెప్పి చూశాను. డేవిడ్ వింటేగా.

సన్యాసం తీసుకునేవాడు ముందు పెద్దలకీ, తనకీ పిండాలు పెట్టుకోవాలి. ఆశ్రమంలో మంత్రం చెప్పేవాళ్లు లేక నన్నే రమ్మన్నారు. మొహమాటానికి పోయి ఒప్పుకున్నాను. ఆదివారం పొద్దున్నే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను.

పెద్దల పేర్లు అడిగాను. తాత పేరు చెప్పాడు. ముత్తాతది తెలీదన్నాడు, పాత సంగతులు తండ్రి ఎప్పుడూ ఎత్తలేదట. పేరు తెలియనివాళ్లకి వాడే మాట ఒకటుంది. అది చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఫైవిష్ శర్మాణం" అన్నాను.

పేరు చివర శర్మ తగిలించడం మా ఇంటి అలవాటు, అది సరే. ఆ ముందు మాట నేను బుద్ధెరిగాక ఎక్కడా వినలేదు. సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే వచ్చింది. చేతిలో నువ్వులు కింద పడ్డాయి. ఒట్టు, భయమేసింది.

డేవిడ్ లేచి వెళ్లి తండ్రికి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. పేరు చెప్పగానే, అది తన తాత పేరని ఆయన అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఒంటిమీద కోటు లాక్కుని, మంచులో నడిపించి చంపేశారట. అమెరికా వచ్చాక ఆ పేరు ఎవరి ముందూ పలకలేదట.

సన్యాసం వద్దు, ఇంటికి పోదామన్నాడు డేవిడ్. పిండాలు అలాగే వదిలేసి, ఆ మధ్యాహ్నమే డేవిడ్‌ని నా కార్‌లో ఇంటికి తీసుకెళ్లాను. ముసలాయన కొడుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"మా తాత నీకెక్కడ కనబడ్డాడు, నాయనా? ఒంటిమీద కోటైనా ఉందా?"

తెలీదండీ అన్నాను.

మరుసటి ఏడు ఆయన పోయాడు. డేవిడ్ పదిమంది మధ్య నిలబడి ప్రార్థన చదివాడు, నేను వెనక కూర్చుని విన్నాను. ఆ పేరు నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నన్ను తినేసేది అది కాదు. ఉందండీ, మంచి కోటే ఉంది అని ఆ పెద్దాయనకి ఒక్క మాట చెప్పలేకపోయాను.